బట్ట చెప్పిన వంశకథ

వంశచరిత్ర అనగానే మనకు రాతిశాసనమో, రాగిరేకో, తాటాకు గ్రంథమో జ్ఞాపకం వస్తుంది. తాతలనాటి దస్తావేజుల పెట్టె జ్ఞాపకం వచ్చినా రావచ్చు. బట్ట మాత్రం జ్ఞాపకం రాదు. బట్ట చినుగుతుంది, చివికిపోతుంది, చెదలకు ఆహారమవుతుంది. అట్టి దానిపై ఎవరైనా తమ పూర్వుల కథను నిలుపుకుంటారా అన్న సందేహం కలగడం సహజమే. అయినా లోకంలో కొన్ని జాతులు తమ పుట్టుపూర్వోత్తరాలను బట్టకే అప్పగించినవి. ఇందులో మరొక విశేషం కూడా ఉన్నది. ఆ బట్ట కొన్ని చోట్ల ఉన్న చరిత్రను భద్రపరచింది. మరికొన్ని చోట్ల లేని చరిత్రను కల్పించి ఇచ్చింది. లేని తాతలను చూపింది, జరగని యుద్ధాలను వర్ణించింది, ఎన్నడూ ధరించని వస్త్రాన్ని కులచిహ్నంగా నిలబెట్టింది.

అట్టి కల్పనలలో ముఖ్యంగా రెండింటిని నేడు పరిశీలిద్దాము. మొదటిది మన తెలంగాణంలోని చిత్రపటం. రెండవది స్కాట్లండు దేశపు గళ్ళ ఉన్నివస్త్రం. ఈ రెంటికీ చుట్టరికం లేదు; ఒకదానిని చూసి మరొకటి పుట్టినది కాదు. కాని రెంటినీ ప్రక్కప్రక్కన పరచి చూస్తే, కల్పిత వంశకథను ఎప్పుడు ఆదరించవచ్చునో, ఎప్పుడు నిలదీయవలసి ఉంటుందో కొంత తేటపడుతుంది.

పూర్వులను కల్పించుకోవడం సామాన్యులకు మాత్రమే ఉన్న అలవాటు అనుకోకూడదు. ఈ విద్యలో రాజులు మొదటివారు. వేంగి చాళుక్యుల తొలినాటి శాసనాలలో వంశవర్ణన క్లుప్తంగానే ఉంటుంది. 11వ శతాబ్దికి వచ్చేసరికి అది బ్రహ్మతో మొదలై, చంద్రునిమీదుగా, పాండవులమీదుగా దిగివస్తుంది. రాజరాజనరేంద్రుని నందంపూడి శాసనాన్ని రచించినవాడు మన ఆదికవి నన్నయభట్టే. ఆ రాజు తెలుగు భారతాన్ని కోరడానికి తాను చంద్రవంశజుడనన్న అభిమానం ఒక కారణమని మనం చదువుకున్నాము. కాకతీయుల కాలపు శాసనాలలో కొన్ని ఆ రాజులను చతుర్థకులజులని నిస్సంకోచంగా చెప్పగా, మరికొన్ని వారిని సూర్యవంశంతో ముడివేసినవి. ఇవన్నీ రాగిరేకులమీద, రాతి స్తంభాలమీద చెక్కిన మాటలు. రాగి కొనగలవానికి రాగిమీద తాతలు దొరికినారు. రాగి కొనలేని సాలెవాడు, గీతగాడు, తోలుపనివాడు ఏమి చేయాలి? వారికి అందుబాటులో ఉన్నది బట్ట. వారి తాతలు బట్టమీదనే వెలసినారు.

తెలంగాణంలో చేర్యాల అనే ఊరున్నది. మునుపు వరంగల్లు జిల్లాలో ఉండేది, నేడు సిద్ధిపేట జిల్లాలో ఉన్నది. అక్కడి నకాషీలు వ్రాసే పటాలను చేర్యాల పటాలంటున్నాము. పటానికి మూలం చేనేత ఖద్దరు. దానికి గంజి, చింతగింజల జిగురు, తెల్లసుద్ద, చెట్టుబంక కలిపిన లేపనాన్ని ఒక పూత ఆరిన తరువాత మరొక పూతగా పట్టిస్తారు. ఆ పూతతో గుడ్డ గట్టిపడి, చుట్ట చుట్టడానికి లొంగుతూనే రంగును పీల్చుకోకుండా పైననే నిలుపుకుంటుంది. చిత్రకారుడు కుంచెతో నేరుగా రూపురేఖలు దిద్దుతాడు. వెనుకతలమంతా ఎర్రరంగు నింపుతాడు. ఆ ఎరుపుమీద పసుపు, నీలం, ఆకుపచ్చ దేహాలు లేస్తాయి. చివరకు నల్లని గీతతో కన్నూ ముక్కూ తీరుస్తాడు. పటం వెడల్పు మూడడుగుల ప్రాంతంలో ఉంటుంది. పొడవు ముప్పది అడుగులు మొదలుకొని అరువది అడుగుల దాకా సాగుతుంది. దానిని అడ్డంగా అరలు అరలుగా విభజించి, అర అరకూ నడుమ పూలతీగె అంచు వేస్తారు. ఒక్కొక్క అర కథలో ఒక్కొక్క ఘట్టం.

ఈ పటాన్ని నకాషీ తన ఇంట అలంకారానికి వ్రాయలేదు. వ్రాయించుకునేవారు వేరే ఉన్నారు. వారిని ఆశ్రితకులాలవారు అంటారు. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు, గౌడులకు గౌడజెట్టివారు, ముదిరాజులకు కాకిపడిగెలవారు, ఈ విధంగా ఒక్కొక్క పోషక కులానికి ఒక్కొక్క కథక కులం ఉన్నది. వారు ఊరూరా తిరిగి, తమ పోషకుల వాడలో పటం కట్టి, పొడవాటి పుల్లతో బొమ్మను చూపుతూ, తాళమూ మద్దెలా తోడుగా కొన్ని రాత్రులపాటు ఆ కులపురాణం చెప్పుతారు. ఏ ఊళ్ళు ఏ కథకుని పాలివో వారిలో వారికి కట్టుబాటు ఉన్నది. ఆ హక్కు తండ్రినుండి కొడుకుకు సంక్రమిస్తుంది. కథ ముగిసిన తరువాత ముట్టే సంభావన భిక్ష కాదు. పోషక కులం చెల్లించవలసిన బాకీ.

ఈ పురాణాలలో ఏమి చెప్పుతారు? కూనపులివారి మార్కండేయ పురాణాన్ని తీసుకుందాము. దేవతలకు మానసంరక్షణకై వస్త్రం కావలసి వచ్చినది. మార్కండేయ మహర్షి యజ్ఞం చేయగా అగ్నిగుండం నుండి భావనాఋషి ఆవిర్భవించాడు. ఆయన విష్ణుదేవుని నాభికమలం నుండి నారతీసి, ఆ నూలుతో దేవతలకు తొలి వస్త్రం నేసినాడు. సూర్యుని కుమార్తె భద్రావతిని పెండ్లాడినాడు. పులినెక్కి కాలవాసురుడనే రక్కసుని సంహరించి, వాని దేహంనుండి అద్దకపు రంగులు సంపాదించాడు. ఆయనకు నూటొక్కరు కుమారులు. వారి పేరనే పద్మశాలీలకు నూటొక్క గోత్రాలు. ఇక్కడొక చమత్కారం గమనించవలసి ఉన్నది. ఈ కథను వ్రాసినది చేనేత గుడ్డమీద. తన మగ్గంమీద నేసిన గుడ్డపై తన మూలపురుషుడు తొలి మగ్గం నాటుతున్న దృశ్యాన్ని సాలెవాడు తిలకిస్తాడు. పగలంతా గుంటలో కాళ్ళాడించి, సాహుకారు కట్టిన ధరకు తలవంచినవాడు, ఆ రాత్రి సూర్యునికి అల్లుడైనవాని మనుమడు.

జాంబపురాణం మరింత గంభీరమైనది. భూమి పుట్టుకకు ఆరు నెలల ముందే జాంబవుడు పుట్టినాడని డక్కలివారు ఎత్తుకుంటారు. దేవతలకన్న పెద్దవాడు, లోకసృష్టిలో చేయి కలిపినవాడు ఆయన. ఆయన సంతతి మాదిగలు. మరి అంతటివారు ఊరివెలుపల ఎందుకున్నారన్న ప్రశ్న వినేవారికి కలుగుతుంది గదా. పురాణం ఆ ప్రశ్నను దాటవేయదు. కామధేనువుకు సంబంధించిన ఒక దుర్ఘటన వలన ఆ పెద్దరికం చేజారినదని కథ చెప్పుతుంది. నేటి హైన్యానికి పుట్టుకలో కారణం లేదు, నడుమ జరిగిన ఒక సంఘటనలో ఉన్నదని దాని తాత్పర్యం. నడుమ వచ్చినది తొలగిపోవచ్చు. ఆ వాడలో కూర్చుండి వినే మనిషికి ఈ భేదం సామాన్యమైనది కాదు.

అయితే ఈ పటాలలో అంతా ఔదార్యమే ఉన్నదని నేను చెప్పబోవడం లేదు. మాదిగలకు ఆదిపురుషుని కథ వినిపించే డక్కలివారిని మాదిగలే తమ ఇంటి గడప దాటనీయని ఆచారం చిరకాలం సాగినది. మనకన్న పైవాడు లేడని చెప్పే కథలోనే మనకన్న క్రిందివాడు ఒకడుండవలె నన్న ఆశ కూడా దాగి ఉన్నది. కులపురాణం కులాన్ని ఎత్తి నిలుపుతుంది గాని కులక్రమాన్ని కూల్చదు. ఈ పరిమితిని గుర్తించిన తరువాతనే దాని గొప్పతనాన్ని మాట్లాడడం న్యాయం.

ఇక ఇది అబద్ధమా అన్న ప్రశ్న. చరిత్రకారుని త్రాసులో పెట్టితే భావనాఋషికి తూకం లేదు. కాని ఆ కథ చరిత్రకారుని ఎదుట సాక్ష్యమిస్తానని ఎన్నడూ చెప్పలేదు. దానికి సమయం రాత్రి, స్థలం వాడ నడిబొడ్డు, పరికరం పాట. చెప్పేవానికి సంభావన ముట్టుతుందని వినేవారందరికీ తెలుసు. పటం పాతబడి చిరిగితే దానిని యథావిధిగా పూజించి నీటిలో విడిచి, క్రొత్తది వ్రాయించుకుంటారు. పాతదే ప్రమాణమని పెట్టెలో దాచే తాపత్రయం లేదు. క్రొత్త పటంలో నకాషీ ఒక చెట్టు అదనంగా వేసినా, కథకుడు ఒక చమత్కారం జోడించినా ఎవరూ తప్పు పట్టరు. ఇట్టి కల్పన తన కల్పనాస్వభావాన్ని దాచుకోలేదు.

ఇప్పుడు స్కాట్లండుకు వెళ్దాము. ఆ దేశపు ఉత్తర భాగంలోని కొండసీమను హైలాండ్స్ అంటారు. అక్కడి ప్రజలు క్లాన్ అనే వంశసమూహాలుగా ఏర్పడి, ఒక్కొక్క నాయకుని క్రింద ఉండేవారు. వారు ధరించే గళ్ళ ఉన్నివస్త్రం టార్టన్. మాక్‌డొనాల్డ్ వంశానికి ఒక తీరు గళ్ళు, కామ్‌బెల్ వంశానికి మరొక తీరు గళ్ళు అనాదినుండి నియతమై ఉన్నవని లోకమంతటా ప్రతీతి. గళ్ళను చూసి వంశం చెప్పవచ్చునంటారు. ఈ ప్రతీతిలో గళ్ళు పాతవి, వంశాలు పాతవి; రెంటినీ కలిపే ముడి మాత్రం చాలావరకు క్రొత్తది. 1746 నాటి కల్లోడెన్ యుద్ధాన్ని చిత్రించిన డేవిడ్ మోరియర్ పటంలో హైలాండు యోధుల దుస్తులమీద రకరకాల గళ్ళున్నవి. ఒక్క మనిషి ఒంటిమీదనే రెండు మూడు తీరులు కనిపిస్తవి. ఏ నేతగాని వద్ద ఏ రంగు దొరికితే అది, ఎవరికి ఏది నచ్చితే అది అన్నట్లే నాటి వాడుక.

ఆ యుద్ధంలో హైలాండు సేనలు ఓడిపోయినవి. బ్రిటిషు పార్లమెంటు ఆ దుస్తులనే నిషేధించినది. 1747 ఆగష్టు 1వ తేదీనుండి పురుషులు, బాలురు ఆ వేషం ధరిస్తే మొదటిసారి ఆరు నెలల ఖైదు, రెండవసారి ఏడేండ్ల ద్వీపాంతరవాసం. సైన్యంలో చేరినవారికి మాత్రం మినహాయింపు. 1782లో నిషేధం తొలగినది. అప్పటికి ముప్పదియైదేండ్లు గడిచినవి. పాత నేతగాండ్లు ఎందరో గతించినారు. జ్ఞాపకం పలుచబడిన చోట కల్పన వచ్చి కూర్చున్నది.

ఆ కల్పనకు మగ్గం నాటినది బానక్‌బర్న్ ఊరి విల్సన్ కంపెనీ. ఆ ఊరు హైలాండ్స్‌లో లేదు. దక్షిణపు పల్లపు సీమలో ఉన్నది. మొదట సైన్యానికి గళ్ళబట్ట నేసి అమ్మిన ఆ కంపెనీ, క్రమంగా తన నమూనాలకు వంశాల పేర్లు పెట్టి అమ్మసాగినది. 1819 నాటి వారి నమూనాల పుస్తకంలో రెండు వందలకు పైగా గళ్ళ తీరులున్నవి. ఒక ఉదాహరణ వినండి. నేడు మాక్‌ఫర్సన్ వంశానిదిగా పేరొందిన గళ్ళ తీరు ఒకటి ఆ కంపెనీ లెక్కలలో మొదట 155వ నంబరు మాత్రమే. తరువాత వెస్టిండీసు దీవులలోని తన బానిసలకు కట్టబెట్టడానికి కిడ్ అనే ఆసామీ దానిని మూటలుగా కొన్నందున కిడ్ అన్న పేరు వచ్చినది. ఆ తరువాతనే అది మాక్‌ఫర్సన్ వంశపు ప్రాచీన చిహ్నమైనది. ఈ సంగతిని చరిత్రకారుడు హ్యూ ట్రెవర్ రోపర్ 1983లో ప్రచురించిన వ్యాసంలో వివరించాడు. బానిస కట్టిన బట్టా ప్రభువు కట్టిన బట్టా ఒక్క మగ్గంమీదివే. వంశగౌరవం నేతలో లేదు, చీటీలో ఉన్నది.

1822 ఆగష్టులో నాల్గవ జార్జి రాజు ఎడింబరా నగరానికి విచ్చేశాడు. ఆ ఉత్సవానికి సూత్రధారి సుప్రసిద్ధ నవలాకారుడు సర్ వాల్టర్ స్కాట్. నాయకులందరూ తమ తమ వంశాల గళ్ళబట్టలలో రావలెనని పిలుపు వెళ్ళినది. తమ వంశపు గళ్ళు ఏవో తెలియని నాయకులు బానక్‌బర్నుకు ఉత్తరాలు వ్రాసి తెప్పించుకున్నారు. స్వయంగా రాజే గళ్ళ కిల్టు కట్టుకుని సభకు వచ్చాడు. డెబ్బదియైదేండ్ల క్రితం ఏ వేషానికి ద్వీపాంతరవాసం విధించినారో ఆ వేషం రాజసభలో మర్యాద అయినది.

అంగడిలో ఇంత గిరాకీ ఉన్నప్పుడు దానికొక వేదం కూడా కావలసి వచ్చినది. దానిని సమకూర్చినవారు ఇద్దరు సోదరులు. వారి అసలు ఇంటిపేరు అలెన్. తమ తండ్రి సాక్షాత్తు స్టువర్టు రాకుమారుడు చార్లెస్ ఎడ్వర్డు కుమారుడని చెప్పుకుని, సోబియెస్కీ స్టువర్టులన్న పేరు ధరించినారు. కొందరు ప్రభువులు వారిని నమ్మి ఆదరించినారు. లొవాట్ ప్రభువు బ్యూలీ నదిలోని ఒక లంకలో వారికి నివాసం కల్పించాడు. 1842లో వారు వెస్టియారియం స్కోటికం అనే గ్రంథాన్ని రంగుల ఫలకాలతో ప్రకటించినారు. అది తమవద్దనున్న ప్రాచీన వ్రాతప్రతికి ముద్రణమని, ఆ ప్రతి ఒకప్పుడు రాస్ బిషప్ జాన్ లెస్లీ వద్ద ఉండేదని వారి ప్రకటన. డెబ్బదియైదు గళ్ళ తీరులను ఒక్కొక్క వంశానికి ఒక్కొక్కటిగా అందులో పంచిపెట్టినారు. ఆ ప్రాచీన ప్రతిని మాత్రం ఎవరికీ చూపలేదు. 1829లోనే దాని నకలు సంగతి విన్న వాల్టర్ స్కాట్ నమ్మలేదు. 1847లో క్వార్టర్లీ రివ్యూ పత్రిక వారి వంశకథను, గ్రంథాన్ని తీవ్రంగా ఖండించినది. అది కూటసృష్టియని 1980లో ఇద్దరు పండితులు ఒక్కొక్క ఫలకాన్నీ పరీక్షించి నిరూపించినారు. సోదరులు తమకొక తాతను కల్పించుకున్నారు. దేశానికంతటికీ దుస్తులు కల్పించినారు. తాత నిలువలేదు, దుస్తులు నిలిచినవి. ఆ గ్రంథంలోని గళ్ళు నేటికీ నేస్తూనే ఉన్నారు, ధరిస్తూనే ఉన్నారు.

ఈ కథను కేవలం హాస్యంగా చెప్పి ముగించవచ్చు. కాని అదే కాలంలో ఆ కొండలలో ఏమి జరుగుతున్నదో గమనించితే నవ్వు ఆగిపోతుంది. వంశనాయకులు తమ భూములను గొర్రెల మందలకు కౌలుకిచ్చి, తరతరాలుగా దున్నుకుంటున్న రైతులను వెళ్ళగొట్టుతున్న కాలమది. 1814లో స్ట్రాత్‌నేవర్ లోయలో ఇండ్లు ఖాళీ చేయించి కప్పులు తగులబెట్టినారు. గ్లెన్‌గ్యారీ నాయకుడు అలస్టేర్ మాక్‌డొనెల్ 1815లో నిజమైన హైలాండరుల సంఘమని ఒకటి స్థాపించాడు. నిలువెత్తు గళ్ళ వేషంలో రేబర్న్ వ్రాసిన ఆయన చిత్రం ఎడింబరాలో నేటికీ ఉన్నది. తన రైతులను గొర్రెల కోసం తొలగించినవారిలో ఆయన కూడా ఒకడు. మనుష్యులు ఓడలెక్కి కెనడాకు పోతూ ఉండగా, వారి వేషం ఎడింబరా సభలో ఊరేగినది. వంశమంటే నాయకుడూ ప్రజలూ ఒకే రక్తమన్న భావన. ఆ భావన అంతరించిన నాడే దానికి రంగుల గుర్తు ఏర్పడినది.

ఇప్పుడు రెండు బట్టలనూ పోల్చి చూడవచ్చు. రెండూ లేని పూర్వచరిత్రను ఇచ్చినవే. తెలంగాణపు పటం, ఏమీ లేనివానికి ఒక తాతను ఇచ్చి, ఆ తాత పేరున ఒక రాత్రి తలయెత్తుకుని కూర్చోనిచ్చినది. వెస్టియారియం, అన్నీ ఉన్నవారికి ప్రాచీనతను అమ్మి, ఉన్నదంతా పోయినవారివైపు చూడనవసరం లేకుండా చేసినది. పటం కథగానే వచ్చినది. వెస్టియారియం దొంగ దస్తావేజుగా వచ్చినది. కల్పన దోషం కాదు. కల్పనకు సాక్ష్యపు ముద్ర వేయడం, ఆ ముద్ర చాటున మరొకరి నష్టాన్ని మరుగుపరచడం దోషం.

ఇంతమాత్రాన నేడు టార్టన్ ధరించే స్కాట్లండు మనిషిని చూసి మోసపోయినవాడని జాలిపడనక్కరలేదు. తాత ధరించినది, తండ్రి పెండ్లినాడు ధరించినది తాను ధరిస్తున్నాడు. ఈ రెండు వందల ఏండ్ల ప్రేమ కల్పితం కాదు. ఆ దేశపు పార్లమెంటు 2008లో చట్టం చేసి, మరుసటి యేడు టార్టన్‌లకొక అధికార పట్టికను తెరిచినది. అందులో క్రొత్త గళ్ళను క్రొత్తవని చెప్పే నమోదు చేయవచ్చు. సింగ్ అనే పేరుతో కూడా ఒక టార్టన్ ఉన్నది. అబద్ధంగా మొదలైనది బహిరంగమైన ఆచారంగా స్థిరపడినది.

బట్ట ఎక్కడ నేసినదైనా ఒక కుటుంబపు జ్ఞాపకం కాగలదనడానికి మన చీరాల వస్త్రమే మరొక నిదర్శనం. మద్రాసు రుమాలు అనే గళ్ళబట్ట చీరాల ప్రాంతపు మగ్గాలనుండి సముద్రం దాటి పశ్చిమాఫ్రికాకు ఎగుమతి అయ్యేది. నైజీరియాలో కలబరి అనే జాతి దానిని ఇంజిరి అంటారు. వారి స్త్రీలు ఆ బట్టలోని దారాలను బ్లేడుతో ఎన్నికగా కోసి లాగివేసి, నేసిన గళ్ళపై తమ స్వంత రూపం తెస్తారు. ఆ బట్టలను ఇంటి పెట్టెలలో తరతరాలు దాచి, పెద్దలు మరణించినప్పుడు మంచాలమీద పరచి వంశగౌరవాన్ని ప్రదర్శిస్తారు. చీరాల సాలెవానికి తెలియని తాతలకు అతని బట్ట సాక్షి అయినది. ఇందుకు వారు ఏ దొంగ గ్రంథాన్నీ పుట్టించలేదు. పరాయి బట్టను కోసి తమది చేసుకున్నామని బట్టలోనే కనబడుతున్నది.

మన పటాలు మాత్రం ఎల్లప్పుడూ అంత నిర్దోషంగా ఉన్నవా? ఇక్కడ మనం ఆత్మపరీక్ష చేసుకోవలె. 1901 జనాభా లెక్కలలో రిస్లీ అనే అధికారి కులాలను గౌరవక్రమంలో అమర్చడానికి పూనుకున్నాడు. అంతట దేశం నలుమూలలనుండి కులసంఘాల విజ్ఞాపనలు వెళ్ళినవి. మేము ఫలానా ఋషి సంతతి, ఫలానా రాజవంశం, కనుక మమ్ము పై వరుసలో వ్రాయవలెనని కోరికలు. రాత్రి పాటగా ఉన్న పురాణం పగలు అర్జీ అయినది. కథకు సాక్ష్యపు ముద్ర పడినది. స్కాట్లండులో సోదరులు చేసిన పని ఇక్కడ లెక్కల కాగితం చేయించినది. అప్పటినుండి కులచరిత్రలన్న పేరుతో అచ్చయిన పుస్తకాలలో పురాణమేదో చరిత్ర యేదో విడదీయని రచనలు కొల్లలు. పక్కకులంకన్న ఒక మెట్టు పైన నిలబడడమే వాటిలో చాలావాటి ధ్యేయం.

అయితే అదే కాలంలో అదే కల్పన మరొక దారి కూడా త్రొక్కినది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన సమావేశమైన దళితులు, పంచములన్న పేరును త్రోసిపుచ్చి, ఆది ఆంధ్రులమని ప్రకటించుకున్నారు. భూమికన్న ముందు పుట్టిన జాంబవుని కథ విన్న చెవికి ఆదియన్న మాట క్రొత్తది కాదు. మన రాష్ట్రాల షెడ్యూల్డు కులాల జాబితాలో అరుంధతీయ అన్న పేరున్నది, జాంబువులు అన్న పేరున్నది, డక్కలి అన్న పేరూ ఉన్నది. పటంలోని పాత్రల పేర్లు ప్రభుత్వ గెజెటులోకి నడచివచ్చినవి. ఇవి పక్కవానిపై ఎక్కి కూర్చోవడానికి పెట్టుకున్న పేర్లు కావు. పరులు పెట్టిన అవమానకరమైన పేరును వదలించుకోవడానికి పెట్టుకున్నవి. పూర్వుని కల్పించుకోవడంలో ధర్మాధర్మాలను నిర్ణయించడానికి ఇంతకు మించిన గీటురాయి నాకు కనిపించదు: ఆ తాత మనల్ని లేవదీయడానికి వచ్చాడా, ఇంకొకరిని అణచడానికి వచ్చాడా?

చేర్యాల పటానికి నేడు మంచి పేరున్నది. భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. హైదరాబాదులోని జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియంలో పాత పటాలను భద్రపరచినారు. నకాషీలు ఇప్పుడు చిన్న చిన్న పటాలు, ముఖాలు, బొమ్మలు చేసి అమ్ముతున్నారు. రైతుల ఇండ్లు, పల్లె పండుగలు అందులోని విషయాలు. వారి జీవనానికి అది ఆధారం. దానిని ఆక్షేపించే హక్కు మనకు లేదు. కాని అరువది అడుగుల పటం రెండడుగుల చట్రంలోకి వచ్చినప్పుడు దానితోపాటు గొంతు రాలేదు. గోడమీద పులినెక్కిన పురుషుని చూసి రంగులు బాగున్నవంటాము. అతడు ఎవరికి తాతయో అడగము. కూనపులివారి, డక్కలివారి పిల్లలు చదువుకుని వేరే వృత్తులలోకి పోతున్నారు. పోవలసినదే. గడప వెలుపల నిలబడి కథ చెప్పవలసిన అగత్యం ఎవరికీ ఉండకూడదు. కాని వారితోపాటు కథ పోనక్కరలేదు. చెప్పేవారు మిగిలి ఉండగానే వారి పాటను అడిగి, వారి పేరుతో, వారికి తగిన సంభావనతో రికార్డు చేసి నిలుపుకోవడం ఆకాశవాణి వంటి సంస్థలకూ, విశ్వవిద్యాలయాలకూ కర్తవ్యం.

ఆ పని చేసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. విన్న కథను చరిత్రగా అచ్చువేయకూడదు, అబద్ధమని పారవేయనూ కూడదు. ఫలానా ఊళ్ళో, ఫలానా కాలంలో, ఇట్టి బ్రతుకు బ్రతికినవారు తమకు ఇట్టి తాత ఉండవలెనని కోరుకున్నారని వ్రాసిపెట్టవలె. భావనాఋషి ఉన్నాడో లేడో పటం చెప్పలేదు. సూర్యుని అల్లుని మనుమడనని చెప్పుకోవలసినంత బరువు ఆ సాలెవాని భుజాలమీద ఉండేదని మాత్రం అది స్పష్టంగా చెప్పుతున్నది. ఆ మాటలో కల్పన లేదు.